సెల్‌ఫోన్‌లో డాక్టరు – ఏది వినాలి? ఏది వదలాలి?

పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చిన మనిషిని "డాక్టరు గారు ఏం చెప్పారు?" అని అడిగి చూడండి. "మందులు రాశారు" అనే సమాధానమే ఎక్కువగా వస్తుంది. జబ్బు పేరేమిటి, అది ఎందుకు వచ్చింది, మాత్రలు ఎన్నాళ్ళు వాడాలి, ఏం తినకూడదు అని అడిగితే చాలామంది చెప్పలేరు. తప్పు వాళ్ళది కాదు. ఓ.పి. గది ముందు వందమంది వరసలో నిలబడి ఉంటే ఒక్కొక్కరితో మాట్లాడటానికి డాక్టరుకు దొరికేది కొద్ది నిమిషాలే. చీటీ మీద రాసింది మందుల షాపులోని కుర్రాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. చదువు రాని మన అమ్మానాన్నలకు ఆ చీటీ ఉన్నా లేకపోయినా ఒకటే.

ఆస్పత్రిలో అలా చెప్పకుండా మిగిలిపోయిన మాటలు ఇవాళ సెల్‌ఫోన్‌లో వినిపిస్తున్నాయి. డాక్టర్లు, నర్సులు, పోషకాహార నిపుణులు, ఫిజియోథెరపిస్టులు వీడియోలు తీసి యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెడుతున్నారు. వాటివల్ల రోగికి జబ్బు గురించి తెలుస్తోంది, డాక్టరుకు పేరు వస్తోంది. ఈ రెండూ ఒకే వీడియోలో కలిసి ఉంటాయి కాబట్టి ఏది విజ్ఞానమో ఏది ప్రచారమో విడదీసి చూడటం మనం నేర్చుకోవాలి. మేము జర్నలిజంలో పీజీ చదువుతూ ఈ విషయం మీద తెలుసుకున్నది ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా తమ్ముళ్ళతో, చెల్లెళ్ళతో, మాకంటే ముందు ఈ హాస్టల్ నుంచి వెళ్ళిన అన్నలతో, అక్కలతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఇది కొత్త పని కాదు

డాక్టర్లు జనంతో నేరుగా మాట్లాడటం వీడియోలతో మొదలు కాలేదు. విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం గారు తెలుగు పత్రికల్లో ప్రశ్నలు-జవాబులు శీర్షికల ద్వారా, పుస్తకాల ద్వారా ఎన్నో ఏళ్ళు ఆరోగ్య విషయాలు చెప్పారు. నలుగురిలో అడగటానికి సిగ్గుపడే సందేహాలను కూడా ఆయన మామూలు తెలుగులో విడమరిచి రాశారు. ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో డాక్టర్ల ప్రసంగాలు వచ్చేవి. అయితే పత్రిక చదవాలంటే అక్షరం రావాలి. రేడియో ప్రసంగం ఆ సమయానికి వినకపోతే పోయినట్టే. పైగా ఎవరు మాట్లాడాలి, ఎవరు రాయాలి అనేది సంపాదకులు, కార్యక్రమ నిర్వాహకులు చూసుకునేవారు.

2016 తర్వాత మొబైల్ డేటా చవక కావడంతో ఈ లెక్క మారింది. చదవడం రానివాళ్ళు కూడా ఫోన్‌కు నోటితో చెప్పి వీడియో తెప్పించుకోగలుగుతున్నారు. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి నాలుగుసార్లు చూస్తున్నారు. ఇది సామాన్యమైన మార్పు కాదు. మన ఊళ్ళలో కరపత్రం చేరని ఇంటికి కూడా వీడియో చేరింది. అదే సమయంలో మధ్యలో ఉండే సంపాదకుడు లేకుండా పోయాడు. మంచి డాక్టరు ఎంత తేలికగా మన ఇంట్లోకి రాగలుగుతున్నాడో, డాక్టరు కానివాడు కూడా అంతే తేలికగా వస్తున్నాడు.

వీడియోతో వచ్చే మేలు

కొన్ని సంగతులు కాగితం మీద ఎంత రాసినా అర్థం కావు, చూస్తేనే తెలుస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇన్‌హేలర్ ఎప్పుడు నొక్కాలి, ఎప్పుడు ఊపిరి లోపలికి తీసుకోవాలి, ఎంతసేపు బిగబట్టాలి అనేది చేసి చూపించాల్సిన పని. ఇన్సులిన్ సూది ఎక్కడ పొడుచుకోవాలి, రోజూ ఒకేచోట కాకుండా స్థలం ఎందుకు మార్చుకోవాలి అనేది కూడా అంతే. గుండె ఆగి పడిపోయిన మనిషికి 108 వచ్చేలోగా ఛాతీ మీద ఎక్కడ, ఎంత బలంగా నొక్కాలో మాటలతో చెబితే సగమే తెలుస్తుంది.

మరో మేలు భయం తగ్గడం. ఎండోస్కోపీ అన్నా, స్కానింగ్ అన్నా మన పెద్దవాళ్ళు వణికిపోతారు. గదిలో ఏం జరుగుతుందో ముందే ఒక వీడియోలో చూస్తే ధైర్యంగా వెళ్తారు. డాక్టరుకూ సుఖమే. రోజుకు యాభైసార్లు చెప్పే మాట ఒకసారి రికార్డు చేసి పెడితే, గదిలో దొరికే ఆ కొద్ది నిమిషాలు రోగి సొంత బాధ వినడానికి మిగులుతాయి.

ఒక పిల్లల డాక్టరు పోరాటం

వీడియోకున్న శక్తి తెలియాలంటే హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారి ఉదాహరణ ఒక్కటి చాలు. దానికి ముందు ఓ.ఆర్.ఎస్. గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో లక్షల మంది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. నరానికి ఎక్కించే సెలైన్ సరిపోలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, సోడా కలిపిన నీళ్ళను నోటి ద్వారా తాగించారు. వాటిని తాగించినవాళ్ళలో రోగుల బంధువులే ఎక్కువ. ఆ శిబిరంలో 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఈ వైద్యం పనిచేయడానికి కారణం చిన్నదే. పేగులో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి పోతాయి. వాటి వెంట నీరు పోతుంది. అయితే ఆ పాళ్ళు సరిగ్గా కుదరాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న లెక్క ప్రకారం లీటరు నీటిలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. చక్కెర మితిమీరితే అది నీటిని శరీరంలోకి పంపడానికి బదులు పేగులోకే లాగుతుంది. విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి.

ఇప్పుడు అసలు సంగతి. మందుల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో పేరులో 'ఓ.ఆర్.ఎస్.' అన్న అక్షరాలు పెట్టుకుని పండ్లరసాల వంటి తియ్యటి డ్రింకులు అమ్మేవారు. వాటిలో చక్కెర అసలు ఓ.ఆర్.ఎస్.లో ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. పిల్లవాడికి విరేచనాలు పట్టుకుంటే తల్లిదండ్రులు మందనుకుని దాన్నే తాగించేవారు. డాక్టర్ శివరంజని గారు దీనిమీద ఎనిమిదేళ్ళపాటు పోరాడారు. అధికారులకు ఉత్తరాలు రాశారు. 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని చెప్పింది గానీ, జూలైలో 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓ.ఆర్.ఎస్. కాదు' అని డబ్బా మీద వేస్తే చాలని సడలించింది. ఆ చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? చదువు రాని తల్లి ఎలా చదువుతుంది?

ఆమె ఊరుకోలేదు. వీడియోల్లో జనానికి మళ్ళీ మళ్ళీ చెబుతూనే వచ్చారు. చివరకు 2025 అక్టోబర్ 14న ఆ సడలింపును సంస్థ వెనక్కి తీసుకుంది. సరైన పాళ్ళు లేని ఏ డ్రింకూ 'ఓ.ఆర్.ఎస్.' అన్న మాటను పేరులో ఏ రూపంలోనూ వాడకూడదని ఆదేశించింది. ఆ కబురు చెబుతూ ఆమె కన్నీళ్ళు పెట్టుకున్న వీడియో దేశమంతా చూసింది. ఈ పోరాటంలో ఆమెకు పేరు వచ్చిన మాట నిజమే. ఆ పేరు లక్షల మంది పిల్లలకు పనికొచ్చింది. ఉత్తరాలు, కోర్టు, వీడియో మూడూ కలిస్తేనే పని జరిగిందని కూడా గమనించాలి. వీడియో ఒక్కదానితోనే అన్నీ అయిపోవు.

మన హాస్టళ్ళలోనూ వానాకాలం వస్తే విరేచనాలు మామూలే కాబట్టి ఇది కూడా గుర్తుంచుకోండి. ప్యాకెట్ మీద ఎంత నీరు రాసి ఉంటే అంతే కలపాలి. లీటరు ప్యాకెట్‌ను గ్లాసు నీళ్ళలో కలిపితే ప్రమాదం. కలిపినది 24 గంటల తర్వాత పారబోయాలి. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగించవచ్చు.

పేరు, డబ్బు ఎక్కడ కలుస్తాయి?

ప్రతి వీడియో వెనుక ఇంత మంచి ఉద్దేశం ఉంటుందని అనుకోవడానికి లేదు. దీని వెనుక ఉన్న లెక్క తెలుసుకోవాలి. యూట్యూబ్ 2012 నుంచి ఏ వీడియోను ఎక్కువమందికి చూపించాలో నిర్ణయించేటప్పుడు ఎంతమంది నొక్కారు అనేదానికన్నా ఎంతసేపు చూశారు అనేదానికి ఎక్కువ విలువ ఇస్తోంది. ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే ఛానల్‌కు 1,000 మంది చందాదారులు ఉండాలి. ఏడాదిలో 4,000 గంటలు జనం చూసి ఉండాలి, లేదా 90 రోజుల్లో చిన్న వీడియోలను కోటిసార్లు చూసి ఉండాలి.

కాబట్టి జనాన్ని ఆపి కూర్చోబెట్టాలి. భయం మనిషిని ఆపుతుంది. ఆశ కూడా ఆపుతుంది. అందుకే "ఈ ఒక్కటి తింటే మీ కిడ్నీలు పోయినట్టే", "వారంలో షుగర్ మాయం" వంటి మాటలు పెద్ద అక్షరాలతో కనిపిస్తుంటాయి. "మీ మాత్రలు వేళకు వేసుకోండి, ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి" అనే నిజమైన సలహాలో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. నిజం చాలాసార్లు చప్పగా ఉంటుంది. దాన్ని విసుగు లేకుండా చెప్పగలిగిన డాక్టరే గొప్పవాడు.

వీటివల్ల జరిగే నష్టం మేము దగ్గరగా చూశాం. మా బంధువుల్లో ఒక పెద్దాయన కషాయం తాగితే మాత్రలు అక్కర్లేదని ఒక వీడియోలో విని షుగర్ మాత్రలు మానేశారు. మూడు నెలలకు కాలి పుండు మానక ఆస్పత్రిలో చేరారు. రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది. కూలికి పోయే మనిషికి కాలి వేళ్ళు పోవడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ వీడియోలో మాట్లాడినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో డాక్టర్ల ప్రవర్తనకు 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం డాక్టరు రోగులను తన దగ్గరికి రప్పించుకోవడానికి ప్రకటనలు చేసుకోకూడదు. కొత్తగా ప్రాక్టీసు పెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, ఇలాంటి కొన్ని సందర్భాల్లో మాత్రమే పత్రికలో తెలియజేయవచ్చు. బోర్డు మీద తన ఫోటో వేసుకోవడాన్ని కూడా ఆ నిబంధనలు సొంత ప్రచారంగానే చూస్తాయి. అయితే ప్రజారోగ్యం గురించి సొంత పేరుతో రాయడానికి, రేడియోలో, టీవీలో, ఇంటర్నెట్‌లో మాట్లాడటానికి అనుమతి ఉంది. అంటే జబ్బు గురించి జనానికి చెప్పవచ్చు గానీ, ఆ వంకతో తన దుకాణం నడపకూడదు అని అర్థం. రోగి అనుమతి లేకుండా అతను ఎవరో తెలిసేలా ఫోటోలు, వివరాలు ప్రచురించకూడదని కూడా అందులోనే ఉంది.

2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. సోషల్ మీడియాలో లైకులు, ఫాలోవర్లను కొనకూడదని, నయమైన రోగుల ఫోటోలు, ఆపరేషన్ వీడియోలు గొప్ప కోసం పెట్టకూడదని వాటిలో ఉంది. కానీ అదే నెల 23న వాటిని నిలిపివేశారు. అందుచేత మళ్ళీ 2002 నిబంధనలే దిక్కయ్యాయి. ఇవి కాక 1954 నాటి ఒక చట్టం ఉంది. మధుమేహం, క్యాన్సర్, మూర్ఛ వంటి జబ్బులను నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని అది నిషేధించింది. "షుగర్ మాయం" అని మందు అమ్మేవాడు ఈ చట్టం దాటుతున్నాడని మనం గుర్తించాలి.

చూసేముందు ఐదు ప్రశ్నలు

ఒకటి – మాట్లాడేది ఎవరు? పేరు ముందు 'డాక్టర్' అని ఉంటే సరిపోదు. చదివిన చదువు ఏమిటి, రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అని చూడాలి. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి డాక్టరు నమోదై ఉన్నాడో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. ఇక్కడొక తిరకాసు ఉంది. నిబంధనల్లో ఆర్.ఎం.పి. అంటే రిజిస్టరైన వైద్యుడు. మన ఊళ్ళలో ఆర్.ఎం.పి. అంటే డిగ్రీ లేకుండా సూదులు వేసే ఆయన. అక్షరాలు ఒకటే గానీ మనుషులు వేరు.

రెండు – ఏ జబ్బు గురించి మాట్లాడుతున్నాడు? ఎముకల డాక్టరు ఎముకల గురించి చెబితే వినాలి. ఆయనే కిడ్నీల గురించి, కళ్ళ గురించి, క్యాన్సర్ గురించి చెబుతుంటే కాస్త ఆగి ఆలోచించాలి.

మూడు – చివర్లో ఏం అమ్ముతున్నాడు? పొడి, నూనె, ప్యాకేజీ, తన ఆస్పత్రిలో తగ్గింపు ధర, ఏదైనా ఉందా? ఉంటే మొదటి నుంచీ విన్నదంతా దానికోసమేనా అని చూసుకోవాలి.

నాలుగు – నష్టాలు కూడా చెబుతున్నాడా? ప్రతి వైద్యానికీ కొన్ని ఇబ్బందులు ఉంటాయి. అందరికీ పనిచేస్తుంది, ఏ ఇబ్బందీ ఉండదు అన్నవాడిని నమ్మకూడదు. "ఈ లక్షణాలు ఉంటే వీడియో ఆపి ఆస్పత్రికి వెళ్ళండి" అని చెప్పేవాడు మంచివాడు.

ఐదు – ఎప్పటి వీడియో? వైద్యంలో మాటలు మారుతుంటాయి. ఆరేళ్ళ కింద చెప్పింది ఇప్పుడు సరి కాకపోవచ్చు.

యూట్యూబ్ 2021లో అమెరికాలో మొదలుపెట్టి, తర్వాత మన దేశంతో సహా కొన్ని దేశాల్లో, లైసెన్సున్న వైద్యుల, ఆరోగ్య సంస్థల వీడియోల కింద ఆ సంగతి తెలిపే చిన్న పట్టీ పెడుతోంది. అది మంచిదే. కానీ మాట్లాడేది ఎవరో ఆ పట్టీ చెబుతుంది గానీ, అన్న ప్రతి మాటా నిజమని పూచీ పడదు. పైగా వీడియో ఎంత మంచిదైనా మన నాడి పట్టి చూడలేదు. వీడియో అందరికీ చెప్పే పాఠం మాత్రమే. మన ఒక్కరి జబ్బుకు వైద్యం కావాలంటే డాక్టరు మనల్ని చూడాలి.

రేపటి డాక్టర్లకు, నర్సులకు ఒక మాట

ఈ హాస్టల్ నుంచి నర్సింగ్‌కు, ఫార్మసీకి, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకు, ఎం.బి.బి.ఎస్.కు వెళ్ళినవాళ్ళు, వెళ్ళబోయేవాళ్ళు ఉన్నారు. వీడియోలు చేయవలసింది మీరే అని మా అభిప్రాయం. ఎందుకంటే మన ఇళ్ళలో మాట్లాడే తెలుగు మీకు వచ్చు. "రక్తహీనత" అంటే అర్థం కాని అమ్మకు "ఒంట్లో రక్తం తక్కువ" అని చెప్పాలని మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఉదాహరణకు గజ్జి తీసుకోండి. హాస్టల్లో ఉన్నవాడికి గజ్జి సంగతి తెలియనిది కాదు. ఒక నర్సింగ్ చెల్లెలు రెండు నిమిషాల వీడియోలో ఇలా చెప్పవచ్చు. గజ్జి మురికివల్ల కాదు, కంటికి కనపడనంత చిన్న పురుగువల్ల వస్తుంది. డాక్టరు రాసిన పర్మెత్రిన్ క్రీము దురద ఉన్నచోట మాత్రమే కాకుండా మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద రాత్రి రాసుకుని ఉదయం కడుక్కోవాలి. గదిలో ఉన్న అందరూ ఒకే రోజు రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయాలి. డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ ఒకసారి రాసుకోవాలి. పురుగు చచ్చినా దురద కొన్ని వారాలు ఉండవచ్చు, కంగారు పడనక్కర్లేదు. ఇంతే. ఇందులో భయపెట్టింది లేదు, అమ్మింది లేదు. ఒక్కడే క్రీము రాసుకుని పక్క మంచం వాడి దగ్గర మళ్ళీ అంటించుకునే కష్టం ఒక గదికి తప్పినా ఆ వీడియో పనికొచ్చినట్టే.

వీడియో చేసేవాళ్ళు రెండు నియమాలు పెట్టుకోండి. రోగి ముఖం, పేరు, ఊరు చూపించకండి. పేదవాడు ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు "అనుమతి ఇస్తావా?" అంటే కాదనలేడు. ఆ మొహమాటాన్ని అనుమతిగా లెక్క వేయకండి. రెండవది, మీకు తెలిసినంతవరకే చెప్పండి.

చివరిగా

మనలో చాలామందిమి ఇంట్లో మొదటగా చదువుకున్నవాళ్ళం. దసరాకో సంక్రాంతికో ఇంటికి వెళ్తే అమ్మానాన్నలు, పక్కింటి పెద్దమ్మ, చిన్నాన్న ఫోన్ తెచ్చి "బాబూ, ఇందులో చెప్పింది నిజమేనా?" అని అడిగేది మనల్నే. డిగ్రీ ఏదైనా సరే, ఆ నిమిషంలో వాళ్ళకు చదువుకున్న మనిషి మనమే. తెలియకపోతే తెలియదని చెప్పి, ఊళ్ళో ఏ.ఎన్.ఎం.నో ఆశా కార్యకర్తనో అడగండి, వీలైతే వాళ్ళతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. ఓపిగ్గా కూర్చుని పైన చెప్పిన ఐదు ప్రశ్నలు వాళ్ళతో కలిసి వేసుకోండి. ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకండి. వాడుతున్న మందు ఆపేయమని ఏ వీడియో చెప్పినా, ఆ మందు రాసిన డాక్టరును అడిగేదాకా ఆపనివ్వకండి.